చివరి సీటు మీది తడి

మాది ఢిల్లీ బండి. నిజంగా ఢిల్లీ నుంచి వచ్చినా, అంతకు పైన మంచు పడే కొండల నుంచి వచ్చినా, అక్కడ వాడి అమ్మేసిన బండ్లన్నింటినీ మా దిక్కు ఢిల్లీ బండ్లనే అంటారు. నాది పన్నెండు సీట్ల వ్యాను. కొండల్లో యాత్రికులను తిప్పిన బండి కావడంతో, వెనక కూర్చున్నవాళ్ళకూ వెచ్చగా ఉండాలని చివరి సీటు కింద ఒక హీటరు పెట్టారు. దానికి స్టీరింగు పక్కన వేరే మీట ఉంది. బండి ఇంటికి తెచ్చిన రోజు మా వాడకట్టు వాళ్ళు ఆ మీట చూసి పడీపడీ నవ్వారు.

"మే నెలల మన బండ్లన్ని హీటర్లేనాయె. మళ్ళ దీనికి మీట ఎందుకు?" అన్నాడు ఒక పెద్దమనిషి.

నేనూ నవ్వాను. మీట మీద దేవుడి స్టిక్కరు ఒకటి అంటించి, హీటరు సంగతి అంతటితో మరిచిపోయాను. ఆ మీట తిప్పేది హీటరు ఫ్యానును మాత్రమేనని నాకు తెలియదు. ఫ్యాను తిరిగినా తిరగకపోయినా, ఇంజను దగ్గర మసిలే నీళ్ళు బండి అడుగున రెండు గొట్టాల గుండా చివరి సీటు దాకా పోతూ, మళ్ళీ ముందుకు వస్తూ, బండి నడిచినంతసేపూ తిరుగుతూనే ఉంటాయి. ఈ ముక్క ముందే తెలిసి ఉంటే ఒక ఐదేళ్ళ పిల్ల జగిత్యాల దవాఖానాలో పడుకునేది కాదు.

నేను మస్కట్‌లో పదేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చిన మనిషిని. అక్కడ ఒక పెద్దింట్లో కార్లు నడిపాను. సీటు మీద మరక కనబడితే ఆ ఇంటి పెద్దాయన నోటితో ఏమీ అనేవాడు కాదు. వేలితో మరకను చూపించి లోపలికి వెళ్ళిపోయేవాడు. పదేళ్ళు ఆ వేలికి భయపడి బతికాను. ఇంటికి వచ్చాక అదే వేలు నాకు మొలిచింది. బండిలో బిస్కెట్ పొడి రాలినా, బురద చెప్పులతో ఎవరైనా ఎక్కినా నా వేలు లేచేది. "నీ బండిల కూసోవాలంటే మనిషి గాల్లె తేలాలె" అని మా ఆవిడ ఎకసెక్కం చేసేది. నాకు కోపం ముందు, తెలివి తర్వాత. ఈ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడైతే ఒప్పుకునేవాడిని కాదు.

మేడిపల్లి చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలను పొద్దున కోరుట్లలోని బడికి తీసుకుపోవడం, సాయంత్రం ఎక్కడివాళ్ళను అక్కడ దింపడం నా పని. అందరికన్నా దూరపు ఊళ్ళో అందరికన్నా ముందు ఎక్కే పిల్ల ఒకతి ఉండేది. యూకేజీ. మొదట ఎక్కుతుంది కాబట్టి నేరుగా వెనక్కి పోయి చివరి సీటులో కిటికీ పక్కన కూర్చునేది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, మెడలో తన బరువుకు మించిన నీళ్ళ సీసా. తండ్రి దుబాయిలో ఉంటాడు. తల్లి బీడీలు చుడుతూ పిల్లను చూసుకుంటుంది. రోజూ పొద్దున పిల్లను బండెక్కించి, "పైలం అన్నా, ఎనక కూసుంటది, జర సూడు" అనేది. నేను తల ఊపేవాడిని.

దసరా సెలవులైపోయి, పొద్దుటి పూట పిల్లలకు స్వెట్టర్లు వేసే రోజులు మొదలయ్యాయి. ఒకరోజు కోరుట్లలో పిల్లలను దింపుతుంటే రెండో తరగతి పిల్లవాడు ముక్కు మూసుకుని అరిచాడు.

"అంకుల్, గీమె ఉచ్చ పోసుకుంది!"

వెనక్కి పోయి చూశాను. చివరి సీటు అంచు తడిగా ఉంది. కింద మ్యాటు మీద కూడా చెంబెడు నీళ్ళు. పిల్ల గౌను వెనక భాగం తడిసి కాళ్ళకు అంటుకుంది. చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. ఇంకేం సాక్ష్యం కావాలి నాకు?

"నేను పోసుకోలే అంకుల్" అంది పిల్ల.

"మరి ఎవలు పోసిండ్రు? నేను పోసిన్నా?" అన్నాను. పిల్లలంతా గొల్లున నవ్వారు. నా మాటకు పిల్లలు నవ్వితే నాకు సంతోషంగా ఉంటుంది. ఆ రోజూ అలాగే అనిపించింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు మళ్ళీ తడి. ఆ మర్నాడూ అంతే. ఎక్కేటప్పుడు సీటు పొడిగా ఉంటుంది, కోరుట్ల చేరేసరికి తడి. ఎండాక రెక్సిన్ మీద తెల్లటి చారలు కట్టేవి. ఉప్పు చారలు, మూత్రం కాకపోతే మరేమిటి అనుకున్నాను. వాసన కూడా వచ్చినట్టే అనిపించింది. మనసు ఒకటి అనుకున్నాక ముక్కు ఎదురు చెప్పదు.

మరోపక్క రోజూ పొద్దున ఇంజను మూత తీసి చూస్తే రేడియేటరు నీళ్ళు తగ్గి ఉండేవి. మస్కట్‌లో ఉన్నప్పుడు, ఇంజనును చల్లబరిచే పచ్చటి కూలెంటు తప్ప చుక్క మామూలు నీళ్ళు కూడా ఇంజనులో పోయలేదు నేను. ఇంటికి వచ్చాక అందరిలాగే నేనూ పెరట్లోని బోరు నీళ్ళు పట్టి పోశాను. మా దిక్కు ట్రాక్టరుకైనా, ఆటోకైనా, వ్యానుకైనా అవే నీళ్ళు. బిందెలో రెండు రోజులుంటే తెల్లటి పెచ్చు కట్టే నీళ్ళు. పచ్చటి కూలెంటే పోసి ఉంటే చివరి సీటు మీద పచ్చటి తడి కనబడేది, గుడ్డివాడికైనా అర్థమయ్యేది. నేను పోసిన నీళ్ళకు రంగు లేదు. ముందర తగ్గిన నీళ్ళే వెనక తేలుతున్నాయని, ఆ తెల్లచారలు మా పెరటి బోరువేనని నాకు తట్టలేదు. రోజూ పొద్దున ముందు పోసేవాడిని, కోరుట్లలో వెనక తుడిచేవాడిని, మధ్యలో ఆ పిల్లను తిట్టేవాడిని.

వారం తిరిగేసరికి యూరియా సంచి ఒకటి కోసి ఆమె సీటు మీద పరిచాను. "గీ సంచి మీదనే కూసోవాలె. జరిగినవంటె సూడు" అని వేలు చూపించాను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అదే. పక్కన కూర్చునే పిల్ల ముందు సీటుకు మారింది. పిల్లలు ఆమెకు ఒక పేరు పెట్టారు, ఆ పేరు ఇక్కడ రాయను. మొదట్లో రోజూ "నేను కాదు అంకుల్" అనేది. రెండో వారం నుంచి అనడం మానేసింది. దిగేముందు తనే ఆ సంచి ఎత్తి, దులిపి, నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టేది. దారికొచ్చింది అనుకున్నాను.

ఒక సాయంత్రం పిల్లను దింపుతూ, అక్కడ నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళ ముందే ఆమె తల్లితో అన్నాను.

"చెల్లె, పొద్దుగాల బిడ్డకు నీళ్ళు తాపకు. దినాం బండి ఖరాబు చేస్తంది."

తల్లి ముఖం మాడిపోయింది. పిల్ల చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మర్నాడు పిల్ల మెడలో నీళ్ళ సీసా లేదు. ఆ రోజూ సీటు తడిసింది. నీళ్ళు తాగని పిల్ల సీటు ఎట్లా తడుపుతుందని అప్పుడైనా అనుకోవాలి కదా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు, ఇంట్లో దొంగచాటుగా తాగుతుంది కాబోలు, మొండిఘటం అనుకున్నాను.

మూడో వారం గురువారం ఆ పిల్ల రాలేదు. శుక్రవారమూ రాలేదు. ఆ రెండు రోజులు నేను చివరి సీటు వంక చూడనే లేదు. పిల్ల లేనప్పుడు చూసే పనేముంది? మా ఆవిడ అప్పటికి పది రోజులుగా తంగళ్ళపల్లిలో పుట్టింట్లో ఉంది, వాళ్ళమ్మకు కంటి ఆపరేషనైతే చూసుకోవడానికి వెళ్ళింది. ఆమెకు ఫోనులో, "ఇయ్యాల బండి ఎండుగుంది, పానం నిమ్మలమైంది" అని చెప్పాను. చూడకుండానే చెప్పాను.

శనివారం ఆ ఊరి ఇంకో పిల్లవాడి తల్లి చెప్పింది. పిల్లకు నాలుగు రోజులుగా జ్వరం, కడుపు కింద నొప్పి, మూత్రం పోయాలంటే ఏడుపు. జగిత్యాలలో పిల్లల దవాఖానాలో చేర్చారట. నీళ్ళు తాగక, వచ్చింది పోయకుండా ఆపుకొని ఆపుకొని లోపల చీము పట్టిందని డాక్టరమ్మ తల్లిని తిట్టిందట.

"బడికాడ సుత పోతలేదట అన్నా. ఒక్కసారి పోతె మళ్ళీ మళ్ళీ అస్తదేమోనని భయమట దానికి" అంది ఆమె.

అయినా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నేనేం చేశాను, బండి ఖరాబైతే చెప్పొద్దా, పిల్లలన్నాక జ్వరాలు రావా అని.

ఆదివారం పొద్దున మా ఆవిడను తీసుకురావడానికి తంగళ్ళపల్లి బయలుదేరాను. బండిలో నేనొక్కడినే. కొడిమ్యాల మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల, మానేరు వంతెన దాటితే తంగళ్ళపల్లి. దారంతా ఆ పిల్లే గుర్తొస్తుంటే రేడియో గట్టిగా పెట్టుకుని పోయాను.

మా బామ్మర్ది సిరిసిల్లలో సైజింగులో పనిచేస్తాడు. సైజింగంటే మరమగ్గాల మీదికి పోయే నూలుకు గంజి పట్టించే చోటు. బాయిలరు, ఆవిరి గొట్టాలు, వాటి మధ్యే అతని బతుకు. అక్క సంచులు, బియ్యం మూట వెనక డోరు తెరిచి పెడుతూ అక్కడి నుంచే కేక వేశాడు.

"బావా, గిదేంది? ఎనక సీటంత తడుంది!"

నేను మంచినీళ్ళు తాగుతున్నాను. చెంబు అలాగే చేతిలో ఉంది. బండిలో నేనొక్కడినే కదా వచ్చింది అనే మాట మనసులో మూడుసార్లు తిరిగింది. పోయి చూశాను. అదే అంచు, అదే తడి, మ్యాటు మీద అదే చెంబెడు నీళ్ళు. చెయ్యి పెట్టాను. అదే వెచ్చదనం. యూరియా సంచి నాలుగు మడతల మీద పక్కన ఉంది, పిల్ల చివరిసారి పెట్టినట్టే.

బామ్మర్ది ముంజేతి వెనక భాగంతో సీటు కింద తడిమాడు. ఆవిరి గొట్టాల దగ్గర పనిచేసేవాళ్ళు అరచేయి పెట్టరు. సీటు ఎత్తి చూశాడు. హీటరు డబ్బాకు అతికే చోట రబ్బరు గొట్టం బిరుసెక్కి, సన్నగా పగిలి ఉంది. ఇంజను ఆఫ్ చేసి ఎంతోసేపు కాలేదు. పగులులోంచి నీళ్ళు ఇంకా పొగమంచులాగ చిమ్ముతున్నాయి, సీటుకూ గోడకూ మధ్య సందులోంచి సరిగ్గా కూర్చున్నవాళ్ళ నడుం కిందికి.

"ఇంజన్ నీళ్ళు బావా గివి. వేడెక్కినంక ఒత్తిడికి చిమ్ముతయి, సల్లారితె ఆగుతయి. గందుకే పొద్దుగాల నీకు కనబడకపోవచ్చు" అన్నాడు. గొట్టాన్ని రెండు వేళ్ళతో ఒత్తి చూసి, "అరె, గిది పానం లేకుంటుంది. ఒక్కసారి పలిగిందనుకో, మసిలే నీళ్ళు పిచికారి కొట్టినట్టు కొడ్తయి. తోలు ఊడొస్తది. మా సైజింగుల ఒకనికి గట్లనే అయింది. గీడ ఎవలు కూసుంటరు బావా?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. మసిలే నీళ్ళ గొట్టానికి జానెడు దూరంలో మూడు వారాలు ఆ పిల్లను కూర్చోబెట్టాను. జరగకుండా కూర్చోవాలని సంచి కూడా పరిచాను. మా ఆవిడ నా ముఖం చూసింది. ఫోనులో నేను చెప్పిన ముచ్చట్లన్నీ ఆమెకు తెలుసు, వివరించే పని పడలేదు.

"నువ్వు చెప్తుంటె నేను సుత నవ్విన గదయ్యా" అంది.

వెంటనే జగిత్యాల పోవాలనిపించింది. బండి ఇక్కడే వదిలేసి బస్సుకు పొమ్మన్నాడు బామ్మర్ది. ఆదివారం మెకానిక్కులు దొరకరు. నాకు బస్సు కోసం నిలబడే ఓపిక లేదు. చివరికి అతనే సైకిల్ ట్యూబు కోసి పగులు చుట్టూ బిగించి కట్టాడు. "రేడియేటర్ మూత సగమే తిప్పి పెట్టు, ఒత్తిడి కట్టది. నెమ్మదిగ పోండ్రి. సూది పైకి లేస్తె ఆగుండ్రి. ఎనక ఎవ్వలు కూసోవద్దు" అన్నాడు. నాలుగు డబ్బాల నీళ్ళు బండిలో పెట్టాడు.

ఆ దారి నేను ఎన్నోసార్లు పోయిన దారే. అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. నా కళ్ళు రోడ్డు మీద కన్నా వేడి చూపించే సూది మీదే ఎక్కువ ఉన్నాయి. మా ఆవిడ మధ్య సీటులో కూర్చుని, మైలుకొకసారి వెనక్కి వంగి చివరి సీటును అరచేత్తో తడిమి చెప్పేది.

"ఎండుగనే ఉంది."

కాసేపు ఊపిరి ఆడేది. మళ్ళీ భయం పట్టుకునేది. గొట్టం గురించి కాదు, వెనక ఎవరూ లేరు కదా. పోయేసరికి పిల్లకు ఎట్లా ఉంటుందో అని భయం. జ్వరం ఎక్కువైందేమో, చీము కిడ్నీలకు పాకిందేమో. నాకు తెలిసిన రోగాలన్నీ ఆ చిన్న ఒంట్లోకి ఎక్కించి చూసుకున్నాను. ఏదైనా అయితే దుబాయిలో ఉన్న ఆ తండ్రికి ఏమని చెప్పాలి? నేను పదేళ్ళు పరాయి దేశంలో ఉన్నవాణ్ణి. ఇంటి నుంచి వేళకాని వేళ ఫోను వస్తే గుండె ఎట్లా ఆగుతుందో నాకు తెలుసు.

వేములవాడ దాటాక ఒకసారి ఆగి నీళ్ళు పోశాం. కొడిమ్యాల దగ్గర రోడ్డులో సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా లారీ. వడ్ల పక్కన ఆగి, ముందుకు పోలేక వెనక్కి రాలేక నిలబడ్డప్పుడు సూది లేవడం మొదలైంది. బానెట్టు లోంచి ఆవిరి. ఇంజను ఆపేశాను. ఆరబోసిన వడ్లు తిరగేస్తున్న ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చి, "ఏమైంది కొడుకా, గట్ల చెమట్లు పెడ్తున్నయి?" అని అడిగింది. బండి వేడెక్కిందని చెప్పాను. "బండికా, నీకా?" అంది. మామూలుగా అయితే ఆ మాటకు మాట అందించేవాడిని. ఆ రోజు ఏడుపు వచ్చింది. ఇంజను చల్లారేదాకా ఆమె వడ్ల పక్కనే కూర్చున్నాం.

"ఎండుగనే ఉందా?" అని బయలుదేరే ముందు అడిగాను.

"ఎండుగనే ఉంది. నువ్వు ముంగట సూసి నడుపు."

జగిత్యాల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దవాఖానాలో పైఅంతస్తులో గోడ పక్క మంచం మీద ఉంది పిల్ల. చేతికి సెలైను. ముఖం పీక్కుపోయి ఇంత అయిపోయింది. తల్లి పక్కన కూర్చుని చెంచాతో నీళ్ళు తాగించాలని చూస్తోంది. పిల్ల పెదవులు బిగించి తల తిప్పుకుంటోంది.

నేను గదిలోకి అడుగుపెట్టాను. పిల్ల నన్ను చూసింది. సెలైను లేని చెయ్యి గబుక్కున తన కిందికి పోనిచ్చి పక్క తడిమింది. తర్వాత ఆ అరచేయి నా వైపు ఎత్తి చూపించింది. పొడిగా ఉన్న అరచేయి.

మంచం పక్కన, తల్లి ఎదురుగా, నేను కింద కూర్చుండిపోయాను. కుర్చీ చూపించినా కూర్చోబుద్ధి కాలేదు.

"చెల్లె, తడి పిల్లది కాదు. బండిది. ఎనక గొట్టం పలిగి ఇంజన్ నీళ్ళు కారుతున్నయి. నాకు ఇయ్యాలనే తెలిసింది. పిల్ల మొదటి నుంచి నిజమే చెప్పింది" అన్నాను.

తల్లి తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. చెంచా గ్లాసులో పెట్టి అంది.

"రెండు దెబ్బలు గొట్టిన అన్నా. వాళ్ళ నాయనతోని ఫోన్ల తిట్టిపిచ్చిన. నువ్వు పెద్దమనిషివని నీ మాట నమ్మిన. నా బిడ్డ మాట నమ్మలే."

మా ఆవిడ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆమె ఆ చేతిని తీసేయలేదు, అలాగని మెత్తబడనూ లేదు. డాక్టరమ్మ ఏమన్నదని నేను అడిగాను. మందు పనిచేస్తోందట, మూడు రోజుల్లో ఇంటికి పంపుతామన్నారట, నీళ్ళు మాత్రం బాగా తాగాలట.

పిల్ల మా మాటలన్నీ విన్నది. నా వైపు తిరిగి అడిగింది.

"అయితె బండే పోసిందా?"

"అవు బిడ్డా. బండే పోసింది."

"మరి బండిని తిట్టినవా?"

ఇంకా లేదని తల అడ్డంగా ఊపాను. "అందరి ముంగట తిట్టాలె" అంది పిల్ల. తర్వాత తల్లి చేతిలోని గ్లాసు వైపు చూసి, నా వైపు చూసింది. తాగనా అని అడిగినట్టు. ఐదేళ్ళ పిల్ల తన నీళ్ళు తాను తాగడానికి నా అనుమతి కోసం చూసింది. తల ఊపాను. గ్లాసులో సగం తాగింది.

సోమవారం పిల్లల కోసం వేరే వ్యాను మాట్లాడి, నా బండిని కోరుట్లలో మెకానిక్కు దగ్గర పెట్టాను. గంట పని. ఇంజను దగ్గరే ఆ రెండు గొట్టాలూ ఊడదీసి, ఒక వంపు గొట్టంతో ఇటు నుంచి అటే కలిపేశాడు. ఇక వెనక్కి నీళ్ళు పోవు. "గీ హీటర్లు మన దిక్కు పనికిరావన్నా, కొనంగనే బంద్ చేపియ్యాలె. అందరు గదే చేస్తరు" అన్నాడు. అందరికీ తెలిసిన సంగతి నాకొక్కడికే తెలియకుండా పోయింది. లోపల బోరు నీళ్ళన్నీ వదిలేసి కడిగించి, పచ్చటి కూలెంటు పోయించాను. పగిలిన గొట్టం ముక్కను అడిగి తెచ్చుకున్నాను.

పిల్ల మళ్ళీ బడికి వచ్చిన రోజు కోరుట్లలో దించేముందు పిల్లలందరినీ సీట్లలోనే ఉండమన్నాను. గొట్టం ముక్క చూపించి జరిగింది చెప్పాను. ముందు నా తప్పు చెప్పాను, తర్వాత వేలు ఎత్తి డ్యాష్‌బోర్డుకు చూపిస్తూ బండిని తిట్టాను. "సిగ్గు లేదానె నీకు? గింత పెద్దగున్నవ్, నీ తప్పు చిన్నపిల్ల మీదికి తోస్తవా?" అన్నాను. పిల్లలు విరగబడి నవ్వారు. మొదటి రోజు అరిచిన రెండో తరగతి పిల్లవాడు వెనక్కి పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె నవ్వలేదు. శ్రద్ధగా వింది. నేను తిట్టింది బండిని కాదని ఆమెకు తెలుసేమో.

ఆ సాయంత్రం ఆమెను దింపడానికి తలుపు తీశాను. మెడలో నీళ్ళ సీసా మళ్ళీ వచ్చింది. అందుకుని చూస్తే తేలిగ్గా ఉంది, తాగింది. నా ప్రాణం కుదుటపడింది. చెయ్యి అందించాను. పిల్ల దిగలేదు. వెనక్కి తిరిగి పోయి, తన సీటును ఈ చివర నుంచి ఆ చివర దాకా అరచేత్తో తడిమింది. వచ్చి ఆ చెయ్యి నాకు చూపించింది.

"ఎండుగనే ఉంది అంకుల్."

"చూపెట్టే పని లేదు బిడ్డా. తప్పు నీది కాదు" అన్నాను. తల ఊపింది. మర్నాడు మళ్ళీ చూపించింది.

ఇప్పుడు ఆమె రెండో తరగతి. సీటు మారింది, ముందు కూర్చుంటుంది. స్నేహితులున్నారు, బండంతా ఆమె మాటలే. నా బండి మళ్ళీ ఎప్పుడూ కారలేదు. అయినా ప్రతి సాయంత్రం దిగేముందు, మాట్లాడుతూ మాట్లాడుతూనే, చెయ్యి ఒకసారి సీటు మీద రాసి, తెరిచి నాకు చూపించి దిగుతుంది. నేను చూసి తల ఊపేదాకా దిగదు.